బడికి పోలేని బిడ్డకు ఇంటి చదువు

"మా అబ్బాయికి ఏ పుస్తకము కొనవలెను?" అని అడుగు తల్లిదండ్రులు మన జిల్లాలలో ఎందరో ఉన్నారు. అబ్బాయికి ఎనిమిదేండ్లు వచ్చినవి. పిలిచిన పలుకడు. అన్నము కలిపి నోట పెట్టవలెను. బడిలో చేర్చిరి, పంతులుగారు నెలనాళ్ళు ఓపిక పట్టి, "వీనిని ఇంటివద్దనే ఉంచుకొనుడు" అని పంపివేసిరి. నాటినుండి ఇల్లే బడి అయినది, తల్లియే పంతులమ్మ అయినది. ఆ పనిలో ఆమెకు ఎవరును శిక్షణ ఇచ్చియుండలేదు. అంగడిలో అక్షరమాల పుస్తకములు, రంగురంగుల అట్టలు, ధర హెచ్చయిన ఆటవస్తువులు కనిపించుచున్నవి. సెల్‌ఫోనులో ఎవరెవరో ఏదేదో చెప్పుచున్నారు. వీనిలో దేనిని నమ్మవలెను, దేనికి డబ్బు పెట్టవలెను, ఎవరిని అడుగవలెను? ఈ ప్రసంగము ఆ తల్లిని, ఆ తండ్రిని ఉద్దేశించినది.

నేను చెప్పబోవు పిల్లలు మేధో వైకల్యము, ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ గలవారు. వీరిని గూర్చి వెనుక వాడిన మాటలు కొన్ని చెవికి కటువుగా ఉండెడివి. ఇరుగుపొరుగువారు నేటికిని వానిని విడువలేదు. చట్టములో ఇప్పుడు మేధో వైకల్యము అను మాట నిలిచినది. ఇది ఒకరినుండి ఒకరికి అంటునది కాదు. పూర్వజన్మ పాపఫలము కాదు. గ్రహపీడ అంతకంటెను కాదు. మెదడు ఎదుగుదలలో ఏర్పడిన భేదము. మాత్ర మ్రింగించిన పోవునది కాకున్నను, నేర్పిన తీరునుబట్టి బిడ్డ తప్పక ముందుకు నడచును. ఎంత దూరము నడచునో ముందుగా చెప్పగలవారు లేరు. చెప్పగలమనువారిని నమ్మవద్దు.

మొదట చట్టము మాట. 2009 నాటి ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. 2012 లో దానిని సవరించినప్పుడు, బహుళ వైకల్యములు గల బిడ్డకును, తీవ్ర వైకల్యము గల బిడ్డకును ఇంటివద్దనే విద్యను ఎంచుకొను హక్కు కూడ కలదని చేర్చిరి. 'ఎంచుకొను' అను మాటను శ్రోతలు శ్రద్ధగా గమనింపవలెను. ఎంచుకొనునది బిడ్డయు, బిడ్డ తరఫున తల్లిదండ్రులును, బడి కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, వైకల్యము 40 శాతమునకు తగ్గని బిడ్డలకు 6 మొదలు 18 ఏండ్ల వరకు సమీప పాఠశాలలోగాని, తాము కోరిన ప్రత్యేక పాఠశాలలోగాని ఉచితముగా చదువుకొను హక్కు నిచ్చినది. కనుక ఏ ప్రధానోపాధ్యాయుడును వాకిటనే నిలిపి, ఇంటికి తీసికొనిపొమ్మని చెప్పుటకు వీలు లేదు. బిడ్డ కదలలేని స్థితిలో ఉన్నను, మూర్ఛలు అదుపులోనికి రాకున్నను, మందలో నిలువలేక అల్లాడిపోవుచున్నను ఇంటి చదువు సమంజసమే. బడివారికి అక్కరలేదను ఒక్క కారణము మాత్రము చాలదు. ఇంటనే చదివించినను బిడ్డ పేరు ఊరిబడి రిజిస్టరులో ఉండుట అవసరము. ఆ పేరున్నప్పుడే సర్కారువారు ఇచ్చు సాయమునకు ఆ బిడ్డ లెక్కలోనికి వచ్చును.

ఇక పుస్తకమునకంటె ముందు చేయవలసిన పని ఒకటి ఉన్నది. అది బిడ్డ చెవులు, కన్నులు పరీక్ష చేయించుట. ఇది చిన్నమాటవలె తోచును. కాని పిలిచిన పలుకని బిడ్డకు వినికిడి తక్కువైయుండవచ్చును. డౌన్ సిండ్రోము గల పిల్లలలో వినికిడి లోపము, థైరాయిడ్ గ్రంథి లోపము తరచుగా కనిపించును. థైరాయిడ్ తక్కువైన బిడ్డ మందకొడిగా, నిద్రమత్తుగా ఉండును. దానిని బుద్ధి లోపమని తలచి ఊరకుందుము. ఒక రక్తపరీక్షతో తేలు విషయము. కన్నులు తెరచి ఎటో చూచుచు కొన్ని క్షణములు పలుకక ఉండిపోవుట కూడ ఒక్కొక్కప్పుడు మూర్ఛయే. పరధ్యానమని కోపగించుకొనుట న్యాయము కాదు. 2013 లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద జిల్లా ఆసుపత్రులలో ఇట్టి పిల్లలకై సత్వర చికిత్సా కేంద్రములు ఏర్పడినవి. అక్కడ పిల్లల వైద్యుడు, ఫిజియోథెరపీ చేయువారు, మాట నేర్పువారు ఒకేచోట దొరుకవలెనని ఉద్దేశము. బిడ్డ ఎంత చిన్నదైన అంత మేలు. "మగపిల్లలకు మాట ఆలస్యముగా వచ్చును, వాని తాతకును ఐదవయేటనే వచ్చినది" అని పెద్దలు ధైర్యము చెప్పుదురు. ఆ ధైర్యముతోనే రెండు మూడు విలువైన ఏండ్లు గడచిపోవును.

వైకల్య ధ్రువపత్రము సంగతి మీలో పలువురకు తెలిసినదే. మన తెలుగు జిల్లాలలో దానికి సదరం అను పేరు వాడుకలో నున్నది. దానితోపాటు దేశమంతట చెల్లు విశిష్ట గుర్తింపు కార్డు కూడ ఉండవలెను. ఈ రెండును లేనిదే ఏ ద్వారమును తెరచుకొనదు. అందుచేత విసుగు కలిగినను ఆ పని పూర్తిచేసికొనుడు. అయితే ఆ పత్రము మీద వ్రాసిన శాతము బిడ్డ కొలత కాదు. అది కచేరీ వారి అవసరమునకై వేసిన అంకె. చదువు చెప్పుటకు మీకు కావలసిన లెక్క వేరు.

ఆ లెక్క ఎట్లుండునో చెప్పెదను. మద్రాసులో ఈ పిల్లలకు చదువు చెప్పినవారు తయారుచేసిన పట్టిక ఒకటి మన దేశమున చాలకాలముగా వాడుకలో నున్నది. దానిలో 18 రంగములు, ఒక్కొక్క రంగమున 20 అంశములు, మొత్తము 360. కూర్చుండుట, నడచుట, వ్రేళ్ళతో పట్టుట, తినుట, దుస్తులు ధరించుట, మలమూత్ర విసర్జన, మాట గ్రహించుట, మాటాడుట, లెక్క, కాలము, డబ్బు, ఇంటిపని - ఇట్లు సాగును. ప్రతి అంశమును 'చేయలేడు' అని కాక 'చేయును' అను రీతిలో వ్రాయబడినది. తేలికదానినుండి కష్టమైనదానికి వరుస పెట్టబడినది. పట్టిక ముగియునప్పటికి బిడ్డ ఎక్కడ నిలిచియున్నాడో తెలియును. తరువాతి మెట్టు ఏదో దానంతటదే కనిపించును. బిడ్డ చేయగల పనుల పట్టికను మొదటిసారి చూచుకొన్న తల్లి ముఖము నేను పలుమార్లు చూచితిని. అంతవరకు ఆమె వినినవన్నియు వాడు చేయలేని పనులే.

ఇట్టి పరీక్ష చేయించుటకు మనకు దగ్గరలోనే ఒక జాతీయ సంస్థ కలదు. సికింద్రాబాదు బోయినపల్లి చెంత మనోవికాస్‌నగర్‌లో 1984 లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ అను పేరుతో వెలసినది. నేడు దాని పేరు మేధో వైకల్యము గలవారి సాధికారత సంస్థగా మారినది. పరీక్షయే కాక, తల్లిదండ్రులకు ఇంట చేయవలసిన పనులు చెప్పి, కొంతకాలమునకు మరల రమ్మని పిలుతురు. పళ్ళు తోముట, స్నానము, భోజనము, దుస్తులు, దొడ్డికి వెళ్ళుట మున్నగువానిని నేర్పు పద్ధతులపై ఆ సంస్థవారు చిన్నచిన్న పుస్తకములు ప్రకటించిరి. ఏ పుస్తకము కొనవలెనని అడిగిన తల్లికి నా జవాబు మొదట ఇవే. వెళ్ళినప్పుడు తెలుగులో ఏవేవి ఉన్నవో అడిగి తెచ్చుకొనుడు. బోధన సామగ్రి పెట్టెలు కూడ అక్కడ తయారగును. కేంద్ర ప్రభుత్వపు సహాయక ఉపకరణముల పథకము క్రింద అర్హులైనవారికి అవి లభించును. చెవుడు గల పిల్లల కొరకు ఏర్పడిన జాతీయ సంస్థ ప్రాంతీయ శాఖ కూడ ఆ మనోవికాస్‌నగర్‌లోనే ఉన్నది గనుక, దూరమునుండి వచ్చువారు రెండు పనులను ఒక ప్రయాణములో ముగించుకొనవచ్చును.

ఇప్పుడు అసలు చదువు. నిక్కరు తొడుగుకొనుటను తీసికొందము. మనకు అది ఒక పని. బిడ్డకు అది ఆరేడు పనుల మూట. ముందువైపు ఏదో గుర్తించవలెను, నడుముపట్టీని రెండు చేతులతో పట్టవలెను, కుడికాలు దూర్చవలెను, ఎడమకాలు దూర్చవలెను, మోకాళ్ళదాక లాగవలెను, లేచి నిలువవలెను, నడుము వరకు లాగవలెను. ఈ మూటను ఒక్కసారిగా నెత్తిన పెట్టిన ఎవడైన కూలబడును. కావున మూట విప్పుడు. విప్పి, చివరి పనినుండి మొదలుపెట్టుడు. తొడల వరకు తల్లియే తొడిగి, చివరి లాగుడు మాత్రము బిడ్డకు విడువవలెను. అది వచ్చిన పిమ్మట మోకాళ్ళనుండి, అది వచ్చిన పిమ్మట పాదములనుండి. చివరినుండి ఎందుకన, ప్రతిసారియు పని పూర్తిచేసిన ఆనందము బిడ్డకే దక్కును. మొదటినుండి నేర్పిన, బిడ్డ ఒక కాలు దూర్చి అలసిపోవును, మిగిలినది తల్లి పూర్తిచేయును, గెలుపు తల్లిదగును.

సాయము చేయుటలోను మెట్లున్నవి. మొదట బిడ్డ చేతిమీద చేయివేసి చేయించవలెను. తరువాత మోచేతిని తాకిన చాలును. ఆపైన వ్రేలితో చూపుట, ఆపైన మాట. చివరిది మౌనము. ఈ చివరి మెట్టు బిడ్డకంటె తల్లికే కష్టము. బిడ్డ తడబడుచుండగా చేతులు కట్టుకొని పదిసెకన్లు చూచుట ఏ తల్లికి సాధ్యము? నాయనమ్మ అక్కడ ఉన్నచో అసలే సాధ్యము కాదు. అయినను ఆ పదిసెకన్లలోనే చదువు జరుగుచున్నది. గోడమీది క్యాలెండరులో ఆ దినమున ఎన్నిమారులు ప్రయత్నించెనో, ఎన్నిమారులు సాయము లేక చేసెనో గుర్తుపెట్టుడు. బిడ్డ ఏమియు నేర్చుకొనుట లేదని దిగులు పడు దినమున ఆ గుర్తులు చూచుకొనవలెను. రెండు వారములైనను గుర్తులు కదలకున్నచో తప్పు బిడ్డది కాదు. మనము విప్పిన ముక్క ఇంకను పెద్దదిగా ఉన్నదని అర్థము.

ఈ పద్ధతి ఇంటింటికి వెళ్ళిన వృత్తాంతము ఒకటి చెప్పవలసియున్నది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రమున పోర్టేజ్ అను చిన్న పట్టణము కలదు. చుట్టును పల్లెలు. వైకల్యము గల చిన్నపిల్లలు ఒకరికొకరు దూరముగా చెదరియుండుటచే వారిని ఒక తరగతిగా చేర్చుటకు వీలుపడలేదు. 1969 లో అక్కడివారు ఉపాధ్యాయులనే ఇండ్లకు పంపిరి. ఉపాధ్యాయిని వారమునకొకసారి వచ్చును. ఆ వారమునకు తగిన చిన్న పని ఎంచి, తల్లికి చేసి చూపి, తల్లిచేత చేయించి, పట్టికలో వ్రాసికొను విధము చెప్పిపోవును. మరుసటి వారము వచ్చి చూచును. బిడ్డకు గురువు తల్లియే. వచ్చిన ఉపాధ్యాయిని తల్లికి గురువు. ఆ ఊరి పేరుమీదనే ఆ పద్ధతి అనేక దేశములకు వ్యాపించినది. మన దేశమునను వాడుచున్నారు. మీ ఇంటికి వచ్చు సాయము మంచిదో కాదో తెలిసికొనుటకు నాకు తెలిసిన గీటురాయి ఇదే. వచ్చినవారు బిడ్డను గదిలోనికి తీసికొనిపోయి, గంటసేపు తామే ఏదో చేసి, రుసుము పుచ్చుకొని వెళ్ళిన, మిగిలిన దినములకు మీకు దక్కినదేమి?

మన మండలములలో ఈ పని చేయుటకు భవిత కేంద్రములు ఉన్నవి. 2018 నుండి నడచుచున్న సమగ్ర శిక్ష పథకము క్రింద ఇవి పనిచేయుచున్నవి. ప్రత్యేక ఉపాధ్యాయులు కేంద్రమునకు వచ్చిన పిల్లలకు అక్కడను, రాలేనివారికి ఇంటివద్దను పాఠము చెప్పవలెను. ఫిజియోథెరపీ చేయువారు నియమిత దినములలో కేంద్రమునకు వచ్చుచుందురు. అన్ని మండలములలో ఒకే తీరుగా జరుగుచున్నదని నేను చెప్పను. ఒక ఉపాధ్యాయినికి చాల ఊళ్ళు ఉండును. కాని మీ బిడ్డ అక్కడ ఉన్నట్లు ఆమెకు తెలియకున్నచో ఆమె రాదు గదా. మండల విద్యాధికారి కార్యాలయములో బిడ్డ పేరు వ్రాయించి, ఇంటి చదువు కోరుచున్నామని కాగితముమీద వ్రాసి ఇచ్చి, నకలుమీద ముద్ర వేయించుకొనుడు. నోటిమాటకు మన కచేరీలలో ఆయుర్దాయము తక్కువ.

ఇంటనున్న సామగ్రిని మనము సామగ్రిగా గుర్తింపము. చింతగింజలు, వామనగుంటల పీట ఉన్నవి. ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క గింజ వేయుట నేర్చిన బిడ్డ లెక్కకు మూలమైన పాఠము నేర్చినట్లే. నోటితో ఒకటి రెండు మూడని వల్లించుటకంటె ఇది పెద్ద విద్య. చిక్కుడుకాయలు తుంచుట, వేరుసెనగలు వలుచుట, చపాతి పిండి పిసుకుట వ్రేళ్ళకు బలమిచ్చును. ముగ్గుచుక్కలు కలుపుట చేతివ్రాతకు ముందుమెట్టు. తొక్కుడుబిళ్ళ గడులలో గెంతుట కాలినిలకడకు పాఠము. భోజనవేళ కంచములు పెట్టించినచో, మనిషికొక కంచము, కంచమునకొక గ్లాసు - ఇది లెక్కయు, మర్యాదయు కూడ. పచారీ కొట్టుకు వెంట తీసికొనిపోయి పదిరూపాయల నాణెము బిడ్డచేతనే ఇప్పించవలెను. కొట్టు యజమానికి ముందుగా చెప్పిన ఆయన కూడ కాసేపు పంతులగును.

సెరిబ్రల్ పాల్సీ గల బిడ్డకు అన్నిటికంటె ముందు కావలసినది కూర్చుండు ఆసనము. వీపు నిటారుగా, తుంటి వంగి, పాదములు నేలనో పీటనో ఆనియుండవలెను. రెండు పలకలను గోడమూలవలె కలిపి, ముందు ఒక బల్ల అమర్చి ఊరి వడ్రంగి చేయగల మూలకుర్చీ ఎన్నో ఇండ్లలో చూచినాను. కొలతలు మాత్రము ఫిజియోథెరపీ తెలిసినవారిచేత తీయించవలెను. తల నిలిచినప్పుడే కన్ను ఎదుటి వస్తువుపై నిలుచును. అప్పుడు చేతులు పనికి దిగును. పడుకోబెట్టి అన్నము పెట్టుట చాల ప్రమాదము. మెతుకు ఊపిరిగొట్టములోనికి పోవును. మాటిమాటికి రొమ్ముజలుబు చేయు బిడ్డల విషయమున ఈ సంగతి విచారించి చూడవలెను.

మాట రాని బిడ్డలకు పటములు. గ్లాసు, కంచము, మరుగుదొడ్డి, బయటికి వెళ్ళు ద్వారము - మీ ఇంటివే ఫొటోలు తీసి అట్టమీద అతికించుడు. బిడ్డ గ్లాసు పటమును తెచ్చి ఇచ్చినవెంటనే నీళ్ళు ఇవ్వవలెను. ఏడువక, కొట్టుకొనక, ఒకదానిని అడిగి పుచ్చుకొనవచ్చునని బిడ్డకు తెలిసిన దినము ఆ ఇంట పండుగ. పటములకు అలవాటుపడిన మాట రాకపోవునేమోయని కొందరు భయపడుదురు. అది నిరాధారమైన భయము. పటములు మాటకు అడ్డుపడవు. ఆటిజము గల పిల్లలకు దినచర్యను కూడ వరుసగా పటములలో చూపినచో కలవరము తగ్గును. రేడియో ఉన్న ఇంట మరియొక సౌకర్యము కలదు. ప్రతిదినము ఒకే వేళకు ఒకే నాదము వినిపించును. ఆ నాదము వినబడగానే పళ్ళు తోముట అని అలవాటు చేసినచో గడియారము తెలియని బిడ్డకు రేడియోయే గడియారము.

అక్షరముల మాట ఎత్తకున్నచో మీరు ఊరుకొనరు. పదునాలుగేండ్ల పిల్లను చూపి, అ ఆ లు నూరుమారులు వ్రాసిన నోటుపుస్తకములు దొంతరలుగా తెచ్చి ఎదుట పెట్టుదురు. ఆ పిల్ల ఒక్క అక్షరమును చదువలేదు, తన తల తాను దువ్వుకొనలేదు. ఆరేండ్లు ఆ చేతికి గీతలు గీయు పని తప్ప మరియొకటి ఇవ్వలేదు. అక్షరము వద్దని నేను అనను. చాలమంది పిల్లలకు వచ్చును; రాగలిగినవారికి తప్పక నేర్పవలెను. రానివారికి విడియక్షరములకు బదులు పూర్తి మాటను బొమ్మవలె గుర్తించుట నేర్పవచ్చును: తన పేరు, ఊరి పేరు, స్త్రీలు, పురుషులు, ప్రమాదము, బస్సు బోర్డుమీది అంకె. ఈ పది మాటలతో బయటి ప్రపంచమున ఎంతో దూరము పోవచ్చును. చదువు సాగించగలవారికి 1989 లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ఉన్నది. దాని ప్రాథమిక విద్యలో ఎ, బి, సి అను స్థాయులు వరుసగా 3, 5, 8 తరగతులకు సమానము. వైకల్యము గలవారికి పరీక్షలో అదనపు కాలము, వ్రాయుటకు సహాయకుడు వంటి సడలింపులు కలవు. తెలుగులో పదవ తరగతికి రెండు రాష్ట్రముల ఓపెన్ స్కూళ్ళు కూడ ఉన్నవి.

ఇక్కడ ఒక పాతకథ జ్ఞప్తికి వచ్చుచున్నది. 1800 లో ఫ్రాన్సు దేశమున అవేరాన్ ప్రాంతపు అడవులలో తిరుగుచుండిన ఒక బాలుడు పట్టుబడెను. మాట లేదు. ఇటార్ అను యువవైద్యుడు పారిస్‌లో వానికి విక్టర్ అని పేరుపెట్టి అయిదేండ్లు పాటుపడెను. ఈ విద్యాచరిత్ర వ్రాసిన వారందరు ఇటార్‌ను తలతురు. ఆయన శిష్యుడు సెగ్వాఁ, వారిద్దరి రచనలనుండి నేర్చుకొన్న మాంటిస్సోరి - ఆమె 1939 లో మద్రాసు అడయారుకు వచ్చి మన ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చినది - ఈ పరంపర ప్రసిద్ధము. కాని విక్టర్‌ను సాకినది గెరాఁ అను గృహిణి. భోజనపు బల్ల సర్దుట వాడు ఆమె ఇంట నేర్చెను. ఆమె భర్త మరణించిన పిమ్మట వాడు ఎప్పటివలె ఆయన కంచమును కూడ పెట్టెను. ఆమె ఏడ్చుట చూచి దానిని తీసి లోపల పెట్టెను, మరల ఎన్నడును పెట్టలేదు. ఇది ఇటార్ తానే వ్రాసిన విషయము. అక్షరముల పాఠములలో ఆయన కోరినంత ఫలము రాలేదు. ఇటార్ ప్రయత్నము విరమించిన తరువాత కూడ విక్టర్ 1828 లో మరణించువరకు గెరాఁ సంరక్షణలోనే ఉండెను.

సెల్‌ఫోనులో దొరకు సలహాలను గూర్చి రెండు మాటలు. ఆటపాటలు, పని నేర్పు విధములు చూపునవి కొన్ని బాగుగానే ఉన్నవి. కాని ఆటిజమును మూడునెలలలో నయముచేసెదమని, మూలకణములు ఎక్కించెదమని, ఒక పొడి తినిపించిన మాట వచ్చునని చెప్పువారు డబ్బు ముందుగా అడుగుదురు. మూలకణముల ఎక్కింపు ఆటిజమునకు ప్రామాణిక చికిత్స కాదు. పొలము అమ్మి అట్టి చికిత్సలకు పోయిన కుటుంబములను ఎరుగుదును. ఆ సొమ్ములో పదవవంతు ఇంట ఒక సహాయకురాలిని ఏడాదిపాటు ఉంచుటకు చాలియుండెడిది.

ఆ సహాయకురాలు ఎవరికన, తల్లికి. ఇంటి చదువు అను మాటలో ఇల్లు అనగా తల్లి ఒక్కతెయే అని మనము తలచుచున్నాము. తెల్లవారుజామునుండి ఆమె బిడ్డతోనే ఉండును. పెండ్లికి పోదు, సినిమాకు పోదు, తన జ్వరమునకు మాత్ర వేసికొను తీరిక లేదు. తండ్రి సాయంకాలము ఒక గంట బిడ్డను పూర్తిగా తన వశము చేసికొనవలెను. పార్కుకు తీసికొనిపోవుట మాత్రమే కాదు, స్నానము చేయించుట కూడ. తాతకు నడక, అక్కకు ఆట. అయితే అక్కను రెండవ తల్లిగా చేయరాదు. ఆమె చదువు ఆమెకు ఉన్నది. ఇట్టి పిల్లల తల్లిదండ్రుల సంఘములు చాల పట్టణములలో నున్నవి. 1995 లో అవి పరివార్ అను జాతీయ సమాఖ్యగా కూడినవి. ఏ వైద్యుడు మంచివాడు, ఏ కచేరీలో ఏ కాగితము అడుగుదురు, రాత్రులు నిదురపోని బిడ్డతో ఎట్లు వేగవలెను అను సంగతులు అక్కడి తల్లులకు తెలిసినంతగా పుస్తకములకు తెలియవు.

బిడ్డ పెరుగును. ఇది మనము మరచు విషయము. పదునెనిమిదేండ్లు నిండిన నాడు చట్టము దృష్టిలో అతడు పెద్దవాడు. తల్లిదండ్రులు సహజ సంరక్షకులుగా అతనికై సంతకము చేయు అధికారము అంతటితో ముగియును. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టము ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యము, బహుళ వైకల్యములు గలవారి కొరకు ఏర్పడినది. దాని క్రింద ప్రతి జిల్లాలో కలెక్టరుగారు ఉన్న స్థానిక కమిటీ చట్టబద్ధ సంరక్షకుని నియమించును. తల్లిదండ్రులే దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ఆ ట్రస్టువారి నిరామయ పథకమున ఏడాదికి లక్షరూపాయల వరకు ఆరోగ్య బీమా కలదు. చేరుటకు ముందు వైద్యపరీక్ష అక్కరలేదు. ఈ కాగితములు పదునెనిమిదవ ఏట మొదలుపెట్టిన ఆలస్యమగును; అంతకు ముందే తెలిసికొని యుండుడు.

"మా తరువాత వీనికి ఎవరు?" అను ప్రశ్న ప్రతి ఇంటను ఉన్నది, దీపములార్పిన పిమ్మట భార్యాభర్తలు మాటాడుకొనునది అదియే. నేడు నిక్కరు తొడుగుకొనుట నేర్పుచున్నది ఆ ప్రశ్నకొరకే. దానితోపాటు ఒక నోటుపుస్తకము పెట్టుకొనుడు. అక్షరమాల పుస్తకము కొనుటకు ఎంచిన డబ్బుతో ఇది కొనవచ్చును. బిడ్డ దేనిని ఇష్టముగా తినును, దేనిని తిన్న పడదు, చెవులు మూసికొనిన దాని అర్థమేమి, ఆకలికి ఏ ధ్వని చేయును, నొప్పికి ఏ ధ్వని చేయును, ఏ పాట పాడిన శాంతించును, ఎవరిని చూచిన భయపడును, స్నానము ఏ వరుసలో చేయించవలెను - ఇవన్నియు తల్లికి తప్ప వేరొకరికి తెలియవు. వానిని ఆమె చెప్పుచుండగా పెద్దకూతురో, తండ్రియో వ్రాయవలెను. మొదటి పుటలో మూర్ఛమందు పేరు, మోతాదు, వేళ ఉండవలెను. మందు మారినప్పుడు పాత పంక్తిని కొట్టివేసి, ప్రక్కన తేదీ వేయవలెను.